కడుపులో గడియారం, కోర్టులో క్యాలెండరు

డాక్టరమ్మ జవాబులు

ఈ నెల థైరాయిడ్, మోకాళ్ల నొప్పుల ఉత్తరాలను పక్కన పెట్టాను. ఆ పాఠకులు క్షమించాలి. టెక్సస్‌లో ముప్ఫై ఎనిమిదేళ్లు పురుళ్లు పోసి ఇంట్లో కూర్చున్నదాన్ని కాబట్టి ఇక్కడి అబార్షన్ చట్టం గురించి నాకు ఎప్పటినుంచో ఉత్తరాలు వస్తున్నాయి. వాటికి విడివిడిగా జవాబులు రాస్తూ వచ్చాను. పేరు వేయకూడదన్న షరతు మీద నలుగురు ప్రచురణకు ఒప్పుకున్నారు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. నాకు 31 ఏళ్లు. డాలస్ దగ్గర ఉంటున్నాం. మావారిది హెచ్-1బి, నాది హెచ్-4. ఇప్పుడు నాకు తొమ్మిదో వారం. నిరుడు పదకొండో వారంలో బిడ్డ గుండె ఆగిపోయింది. డాక్టరు రాసిన మాత్ర ఇవ్వడానికి మందుల షాపులో ఫార్మసిస్టు చాలాసేపు ప్రశ్నలు వేశాడు. నేను కౌంటరు ముందే ఏడ్చేశాను. ఈసారి ఏదైనా తేడా వస్తే డాక్టర్లు నన్ను చూస్తారా, చట్టం అంటూ చేతులు కట్టుకుంటారా? కాన్పు అయ్యేదాకా ఇండియా వచ్చేయమని అత్తగారు అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు.

జవాబు: అమ్మా, మా అమ్మాయి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అంటాను. ఒకసారి గర్భం పోయిన వాళ్లలో ఎక్కువ మందికి తరువాతి కాన్పు మామూలుగానే జరుగుతుంది. ఈ మాట ముందుగా పట్టుకో. భయపడవద్దని మాత్రం నేను రాయను. దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో విడదీసి చెబుతాను.

2022 జూన్ 24న డాబ్స్ కేసులో సుప్రీంకోర్టు అబార్షన్‌కు రాజ్యాంగ రక్షణ లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వస్తే అమలు చేయడానికి టెక్సస్ ముందే రాసి పెట్టుకున్న చట్టం ఆగస్టు 25 నుంచి అమలులోకి వచ్చింది. గర్భం ఏ వారంలో ఉన్నా అబార్షన్ ఇక్కడ నేరం. చేసిన డాక్టరుకు యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు. అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికీ మినహాయింపు లేదు. తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, శరీరం చేసే ముఖ్యమైన పని ఏదైనా తీవ్రంగా దెబ్బతినే ప్రమాదం ఉన్నప్పుడు మాత్రమే వెసులుబాటు. శిక్షలన్నీ డాక్టరుకు, ఈ చట్టం కింద గర్భవతి మీద కేసు పెట్టడానికి లేదు.

గర్భసంచి బయట నిలిచిన గర్భానికి వైద్యం చేయడం, లోపల చనిపోయిన పిండాన్ని తీయడం టెక్సస్ చట్టం లెక్కలో అబార్షన్ కానే కావు. నిరుడు నీకు జరిగింది రెండోది. ఆ ఫార్మసిస్టు నిన్ను నిలబెట్టి అడగమని ఏ చట్టమూ చెప్పలేదు. గర్భం పోయినప్పుడు ఇచ్చే మందూ, అబార్షన్‌కు ఇచ్చే మందూ ఒకటే కావడం వల్ల అతను బెదిరిపోయాడు, అంతే. ఈసారి అలాంటి అవసరం వస్తే చీటీ మీద జబ్బు పేరు కూడా రాయమని డాక్టరును అడుగు.

ఇక నిజంగా ఆలోచించవలసిన చోటు ఒకటి ఉంది. గర్భం నిలవదని తెలిసిపోతుంది, పిండం గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడే ఉంది చిక్కంతా.

2021 సెప్టెంబరు 1న టెక్సస్‌లో ఆరు వారాల చట్టం వచ్చింది. పిండం గుండె చప్పుడు తెలిశాక, అంటే సుమారు ఆరు వారాలకే, అబార్షన్ కుదరదన్నది. అప్పటికి అబార్షన్‌ను హక్కుగా ఒప్పుకున్న 1973 నాటి రో తీర్పు ఇంకా బతికే ఉంది. ఆ శీతకాలంలో ఒక రాత్రి పద్దెనిమిదో వారంలో ఉమ్మనీరు పోయి ఒకామె వచ్చింది. అంతకుముందైతే ఏం చేయాలో నా చేతులకు తెలుసు. పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆమె సరేనంటే ఆ రాత్రే నొప్పులు తెప్పించేదాన్ని. ఆ రోజు మాత్రం మొదటి ఫోను ఆసుపత్రి లాయరుకు చేశాను. జ్వరం ఉందా అని అడిగాడు. లేదన్నాను. అయితే ఆగమన్నాడు. ఆగాను. జ్వరం ఉండకూడదనుకుంటూ థర్మామీటరు పెట్టిన జీవితం నాది. ఆ రాత్రి గంటగంటకూ రావాలని పెట్టాను. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. ఆమె బతికింది. నేను ఆరు నెలలకు రిటైరయ్యాను. మోకాళ్ల వల్ల అని అందరికీ చెప్పాను.

2025 జూన్‌లో టెక్సస్ చట్టాన్ని కొంత సవరించారు. ప్రాణం మీదికి వచ్చేదాకా డాక్టరు ఆగనక్కర్లేదని అందులో స్పష్టంగా రాశారు. మంచిదే. అయితే ఆ వాక్యం చదివి, రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న డాక్టరు లాయరును లేపకుండా నిర్ణయం తీసుకుంటాడా అన్నది ఆసుపత్రిని బట్టి ఉంటుంది. అందుకని వచ్చే అపాయింట్‌మెంటులోనే అడుగు: ఇరవయ్యో వారంలోపు ఉమ్మనీరు పోతే ఇక్కడ ఏం చేస్తారు? నిర్ణయం మీదా, కమిటీదా? ఇక్కడ కాదంటే నన్ను ఎక్కడికి పంపుతారు, అక్కడికి ఫోను ఎవరు చేస్తారు? మీ ఆయనను పక్కన కూర్చోబెట్టుకో. కంగారులో నువ్వు మరిచిపోయినవి ఆయన గుర్తు పెట్టుకుంటాడు. డాక్టరు సూటిగా చెబితే నీ అదృష్టం. మాట దాటవేస్తే పన్నెండో వారంలోపే వేరే డాక్టరును చూసుకో. ఇరవయ్యో వారంలో డాక్టరును మార్చడం నడుస్తున్న బస్సులో సీటు మారడం లాంటిది.

100.4 డిగ్రీల జ్వరం, వణుకు, దుర్వాసనతో స్రావం, నీళ్లు కారడం, వరుసగా రెండు గంటలు గంటకు రెండేసి ప్యాడ్లు తడిసేంత రక్తం. వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాంలే అనుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్లు. వచ్చిన రోగిని పరీక్షించి, ప్రమాదం నుంచి గట్టెక్కించాలని 1986 నాటి ఫెడరల్ చట్టం చెబుతుంది. మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) డబ్బు తీసుకునే ఆసుపత్రులన్నీ దాని కిందికి వస్తాయి. సమాధానం నచ్చకపోతే ఇంటికి రాకుండా మరో డాక్టరును చూపించమని అడుగు. మన అమ్మాయిలు ఇక్కడ మర్యాదకు పోతారు. మర్యాద తరువాత చూసుకోవచ్చు.

పరీక్షలు ఆలస్యం చేయకు. జన్యు లోపాల రక్తపరీక్ష పదో వారానికే చేయించవచ్చు. అవయవాల స్కాన్ ఇరవయ్యో వారం చివర ఇస్తామంటే పద్దెనిమిదిలో కావాలని అడుగు. ఆ రెండు వారాలు ఎందుకంటే, తీవ్రమైన లోపం బయటపడి మీరిద్దరూ ఒక నిర్ణయానికి వస్తే, కాన్సస్‌లో 22 వారాల హద్దు ఉంది. న్యూమెక్సికో, కొలరాడోలలో చట్టం ఏ హద్దూ పెట్టలేదు. డాలస్ నుంచి విచిటాకు కారులో అయిదున్నర గంటలు, ఆల్బుకర్కీకి దాదాపు పది. వెళ్లడం నేరం కాదు. డాబ్స్ తీర్పులో మెజారిటీ వైపు ఉన్న జడ్జి కావనా కూడా ఒక రాష్ట్రం తన మనుషులను అబార్షన్ కోసం మరో రాష్ట్రానికి పోకుండా ఆపలేదని విడిగా రాశాడు. 2023 డిసెంబరులో కేట్ కాక్స్ అనే డాలస్ ప్రాంతపు తల్లి, బిడ్డకు ట్రైసోమీ 18 అనే తీవ్రమైన జన్యు లోపం ఉందని తేలాక, ఇక్కడే అబార్షన్‌కు అనుమతి కోసం కోర్టుకు వెళ్లింది. కింది కోర్టు ఇచ్చిన అనుమతిని టెక్సస్ సుప్రీంకోర్టు ఆపింది. తీర్పు కోసం ఆమె ఇంక కూర్చోలేదు, రాష్ట్రం దాటి వెళ్లి చేయించుకుంది. ప్రయాణం ఏదైనా పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) కాగితం వెంట ఉంచుకోవాలి. ఇది వీసా మీద ఉన్న అందరికీ ఎప్పుడూ ఉన్న నియమమే.

ఇన్సూరెన్సు సంగతి మీ ఆయనకు అప్పగించు. 2017 నాటి టెక్సస్ చట్టం ప్రకారం ఇక్కడి మామూలు ప్రైవేటు ప్లాన్లు ఎమర్జెన్సీకి తప్ప అబార్షన్ ఖర్చు ఇవ్వవు. కంపెనీ తన సొంత డబ్బుతో నడిపే ప్లాన్లకు ఈ నిబంధన వర్తించదు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావరకు అలాంటివే, కొన్ని ప్రయాణ ఖర్చు కూడా ఇస్తాయి. ప్లాన్ కాగితాలు చదివితే తెలుస్తుంది. హెచ్‌ఆర్‌కు కారణం చెప్పి అడగనక్కర్లేదు.

అత్తగారి మాట ప్రేమతో అన్నదే. కానీ తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం, బిడ్డను తండ్రి ఎన్ని నెలలకు చూస్తాడో తెలియదు. నన్నడిగితే, ఉన్న చోటే ఉండి, పైన చెప్పిన ప్రశ్నలు అడిగి, అత్తగారినే రప్పించుకో. ఆవిడ వంట చూసుకుంటే నీకు నిద్ర పడుతుంది.

ప్రశ్న: నేను రిటైరైన సోషల్ టీచర్ని. హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. దాదాపు యాభై ఏళ్లు ఉన్న హక్కు ఒక్క పొద్దుటి తీర్పుతో పోవడం నాకు అంతుపట్టడం లేదు. పునాది అంత బలహీనంగా ఎలా కట్టారు?

జవాబు: మాస్టారూ, ఒక్క పొద్దున పోలేదు. 1976 నుంచి లెక్కేస్తే నలభై ఆరేళ్లు పట్టింది. ఆ హక్కు కథ మొదలైంది మాత్రం డాలస్‌లోనే. 1970లో ఇద్దరు కుర్ర లాయర్లు, సారా వెడింగ్టన్, లిండా కాఫీ, నార్మా మెకార్వీ అనే పేదరాలి తరఫున 'జేన్ రో' అన్న మారుపేరుతో కేసు వేశారు. ఎదుటి పక్షం డాలస్ జిల్లా ప్రాసిక్యూటరు హెన్రీ వేడ్. సుప్రీంకోర్టులో మొదటిసారి వాదించేనాటికి వెడింగ్టన్‌కు 26 ఏళ్లు. 1973 జనవరి 22న ఏడుగురు జడ్జీలు ఒప్పుకోగా, ఇద్దరు కాదనగా గెలిచారు. పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించని సంగతి ఒకటి చెబుతాను. మెకార్వీకి ఆ అబార్షన్ ఎన్నడూ జరగలేదు. కేసు వేసిన కొన్ని నెలలకే ఆమె ప్రసవించి బిడ్డను దత్తతకు ఇచ్చేసింది. తీర్పు వచ్చేసరికి ఆ పాపకు రెండున్నరేళ్లు. కోర్టు వాయిదా వేస్తుంది, కడుపు వేయదు. నా వృత్తి జీవితమంతా ఈ రెండు గడియారాల మధ్యే గడిచింది.

పునాది గురించి అడిగారు. రాజ్యాంగంలో అబార్షన్ అన్న మాట లేదు. పద్నాలుగో సవరణలోని స్వేచ్ఛ అన్న మాటలోంచి వ్యక్తిగత గోప్యతను తీసి, దాని మీద జడ్జి బ్లాక్‌మన్ ఈ హక్కును నిలబెట్టాడు. స్త్రీ పురుష సమానత్వం మీద నిలబెట్టి ఉంటే గట్టిగా ఉండేదని రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ వంటి మద్దతుదారులే అన్నారు. 1976లో హైడ్ సవరణ తెచ్చి, అబార్షన్‌కు మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) డబ్బును ఆపేశారు. అంటే పేదరాలికి ఆ హక్కు అప్పుడే సగం పోయింది. మనవాళ్లు గమనించలేదు, మనకు ఇన్సూరెన్సులు ఉన్నాయి కదా. 1992లో కేసీ తీర్పు హక్కును ఉంచి, మరీ మోయలేనివి కాకపోతే రాష్ట్రాలు అడ్డంకులు పెట్టవచ్చంది. పెట్టాయి. వేచి ఉండే గంటలు, క్లినిక్ వరండా వెడల్పు, ఆసుపత్రితో ఒప్పందాలు. హక్కు కాగితం మీద ఉంది, క్లినిక్‌లు మూతపడుతూ పోయాయి. ఇన్నేళ్లలో కాంగ్రెస్ దీన్ని చట్టంగా రాయలేదు. 2021లో ప్రతినిధుల సభ దాటిన బిల్లు మరుసటి ఏడు సెనేట్‌లో ఆగిపోయింది. 2020 సెప్టెంబరులో గిన్స్‌బర్గ్ చనిపోవడం, అక్టోబరులో ఆమె స్థానంలో బారెట్ రావడం ఆఖరి ఇటుక. డాబ్స్ కేసులో మిసిసిపీ పదిహేను వారాల చట్టాన్ని ఆరుగురు జడ్జీలు సమర్థించారు. రో తీర్పును పూర్తిగా కొట్టేయడానికి అయిదుగురే ఒప్పుకున్నారు. ఆ అయిదు చాలింది.

నేను ఎనభైల మొదట్లో చికాగోలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో శిక్షణ పొందాను. అక్కడి పాత నర్సులు ఖాళీగా ఉన్న ఒక వార్డు వైపు వేలు చూపించి, 1973కు ముందు అది చాటుమాటు అబార్షన్లు వికటించి వచ్చేవారితో నిండి ఉండేదని చెప్పేవారు. నేను చూసేసరికి అందులో పాత మంచాలు పడేసి ఉన్నాయి. ఆ నర్సుల మాటలను అప్పుడు ముసలివాళ్ల కబుర్లుగా విన్నాను.

ప్రశ్న: నేను ఆస్టిన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. ఫోనులో నెలసరి తేదీలు రాసుకునే యాప్‌ను తీసేయమని స్నేహితురాళ్లు చెబుతున్నారు. నిజంగా అంత ప్రమాదమా?

జవాబు: తల్లీ, తీసేస్తే నష్టం లేదు. గోడ క్యాలెండరు మీద పెన్సిలు చుక్క చాలు. కానీ దాన్ని తీసేసి, స్నేహితురాలికి అన్నీ మెసేజీలో రాస్తే ఉపయోగం లేదు. ఇండియానాలో పూర్వీ పటేల్ అనే మన భారతీయ కుటుంబపు అమ్మాయికి 2015లో 20 ఏళ్ల జైలు శిక్ష పడింది. గర్భం పోయి రక్తస్రావంతో ఆసుపత్రికి వెళితే, అక్కడి నుంచే పోలీసులకు కబురు వెళ్లింది. ఆమె స్నేహితురాలికి పంపిన మెసేజీలను కోర్టులో చదివారు. పిండహత్య నేరాన్ని 2016లో అప్పీలు కోర్టు కొట్టేశాక ఆమె బయటికి వచ్చింది. ఇదంతా రో తీర్పు ఉన్న రోజుల్లోనే. కాబట్టి ఫోను సంగతి కొంచెం, మాట్లాడే మనుషుల సంగతి ఎక్కువ ఆలోచించు. డాక్టరుతో మాత్రం జబ్బు దాచకు; రక్తస్రావం, జ్వరం, నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పు. వైద్యానికి అవసరం లేని కథ చెప్పవలసిన పని లేదు.

ఇంకొకటి. ఆరు వారాలు అంటే కలిసిన రోజు నుంచి ఆరు వారాలు అనుకునేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు. లెక్క మొదలయ్యేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు అయిపోతాయి. ఆరు వారాల హద్దు ఉన్న జార్జియా వంటి చోట్ల నీ స్నేహితురాళ్లు ఉంటే వాళ్లకు ఈ లెక్క చెప్పు.

ప్రశ్న: అమ్మా, మీరు పెద్దవారు. కానీ భ్రూణహత్య మహాపాతకమని మన శాస్త్రాలు చెబుతుంటే మీరు ఆ చట్టాన్ని తప్పు పట్టడం నాకు నచ్చలేదు. పైగా ఇది అమెరికా వాళ్ల గొడవ. పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లం, ఇరవై ఏళ్లకు గ్రీన్ కార్డు వచ్చింది. మన పని మనం చూసుకోవాలి. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇక్కడే పుట్టారు. వాళ్లకు మంచి సంస్కారం ఇచ్చాను.

జవాబు: అయ్యా, మీ నమ్మకం మీద నాకు గౌరవం ఉంది. నా దగ్గరికి వచ్చిన కొందరు తల్లులు, బిడ్డ బతకదని తెలిసీ తొమ్మిది నెలలూ మోశారు. వాళ్ల పక్కనా నేనే నిలబడ్డాను. రో తీర్పు వాళ్లను ఆపలేదు. ఇప్పటి చట్టం మాత్రం మోయలేనన్న రెండో తల్లిని ఆపుతుంది. శాస్త్రం ఎత్తారు కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. కడుపులో చనిపోయిన పిండాన్ని తెలిసిన వైద్యుడు ఒక్క ముహూర్తమైనా ఉపేక్షించకూడదు, అది తల్లిని చంపుతుంది అన్నాడు సుశ్రుతుడు. ఆ మాట చనిపోయిన పిండం గురించే, ఒప్పుకుంటాను. అయినా ముహూర్తం విలువ తెలిసిన వైద్యుడు అన్నాడని ఆ శ్లోకం నాకు ఇష్టం.

మన గొడవ కాదన్నారు. సవితా హలప్పనవర్ కర్ణాటక అమ్మాయి, పళ్ల డాక్టరు. భర్త ఇంజనీరు. మనలాగే పెట్టె సర్దుకుని ఐర్లండ్ వెళ్లింది. 2012 అక్టోబరులో, పదిహేడో వారంలో, గర్భం పోతోందని గాల్వేలో ఆసుపత్రిలో చేరింది. ఎలాగూ నిలవదు కదా, తీసేయమని అడిగింది. పిండం గుండె కొట్టుకుంటోంది, కుదరదన్నారు. ఇది క్యాథలిక్ దేశమని ఒక మంత్రసాని అన్నది కూడా. తాను క్యాథలిక్కును కానని సవిత చెప్పుకుంది. అక్టోబరు 28న సెప్సిస్‌తో చనిపోయింది. 31 ఏళ్లు. ఆమె సంస్కారంలో లోపం ఏముంది చెప్పండి? ఆ చావును మరిచిపోనివ్వకుండా అక్కడివాళ్లు ఆరేళ్లు తిరిగారు. 2018 మే 25 రెఫరెండంలో 66.4 శాతం మంది అబార్షన్‌ను అడ్డుకున్న రాజ్యాంగ నిబంధనను తీసేయమన్నారు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఓటు వేయడానికి విమానాల్లో ఇంటికి వచ్చారు.

ఇక్కడా, అందరిదీ ఒకే తీరు అని మనం అనుకునే కాన్సస్‌లో, 2022 ఆగస్టు 2న రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఆ హక్కును తీసేసే సవరణను 59 శాతం మంది తిప్పికొట్టారు. టెక్సస్‌లో ఆ దారి కష్టం. ప్రజలు సంతకాలు సేకరించి రాష్ట్రమంతటా ఓటింగ్ పెట్టించే పద్ధతి ఇక్కడ లేదు. శాసనసభలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటేనే సవరణ ఓటుకు వస్తుంది. అంటే శాసనసభకు ఎవరిని పంపుతున్నామన్నదే మిగులుతుంది. గ్రీన్ కార్డుతో మీకు ఓటు లేదు, నిజమే. కానీ అభ్యర్థికి చందా ఇవ్వడానికి మీకు చట్టం అడ్డు లేదు. అడ్డు హెచ్-1బి వాళ్లకు. ఎవరికి ఇస్తారో అది మీ ఇష్టం, నేను చెప్పను.

మీ అమ్మాయిల వయసు రాయలేదు. వాళ్లు ఇక్కడ పుట్టినవాళ్లు, వాళ్ల ఓటు వాళ్లది. టెక్సస్‌లో పదిహేడేళ్ల పది నెలలు నిండితే నమోదు చేసుకోవచ్చు. ఎన్నికకు ముప్ఫై రోజుల ముందే అయిపోవాలి. కొత్త ఓటరు కంప్యూటర్‌లో నొక్కితే సరిపోదు; ఫారం కాగితం మీద నింపి, సంతకం పెట్టి పోస్టులో పంపాలి. ఫారాలు లైబ్రరీలోనూ, పోస్టాఫీసులోనూ దొరుకుతాయి. రెండు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టండి. ఎవరికి వేయాలో మాత్రం చెప్పకండి.